బావా, సాయం కావాలా?

కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆయనకి రోజూ పొద్దున్నే పోయే వస్తువు ఒక్కటే. కళ్ళజోడు.

దుకాణం గోడల నిండా జోళ్ళు, అద్దాల బీరువా నిండా జోళ్ళు, ఊళ్ళో సగం ముక్కుల మీద ఆయన బిగించిన జోళ్ళు. ఆయన ముక్కు మీద మాత్రం బాగా పొద్దెక్కితే గానీ జోడు ఉండేది కాదు. పోయిన జోడు వెతకాలంటే జోడు ఉండాలి కదా. అందుకని ఆయన మంచం మీదే కూర్చుని చెయ్యి చాపేవాడు. ఆ చేతిలో బావమరిది జోడు పెట్టేవాడు. తర్వాత టీ, తర్వాత రక్తపోటు మాత్ర, తర్వాత దుకాణం తాళాలు. అన్నీ వరసగా అందాక కళ్ళజోళ్ళాయన ఓ నిట్టూర్పు విడిచి, "నేనే లేకపోతే వీడేమైపోతాడో," అనేవాడు.

బావమరిదికి ముప్పై నాలుగేళ్ళు. చిన్నప్పుడు మాటలు ఆలస్యంగా వచ్చాయి, చదువు ఇంకా ఆలస్యంగా వచ్చి, కొంతదూరం నడిచి, ఇక చాలని కూర్చుంది. గబగబా చెబితే అతనికి అర్థం కాదు. నిదానంగా చెబితే అర్థమవుతుంది, అర్థమైంది ఇక చచ్చినా మరిచిపోడు. హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో మడతల పని చేస్తాడు. వాళ్ళమ్మ పోయాక అక్క దగ్గర ఉండడానికి ఈ ఇంటికి వచ్చి పన్నెండేళ్ళయింది. ఇంటిల్లిపాదీ అతన్ని బుజ్జి అంటారు. గడ్డం గీసుకునే బుజ్జి.

అక్క, అంటే కళ్ళజోళ్ళాయన భార్య, డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. అలాంటి కార్లలో నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. సంసారంలో కూడా తనవైపు ఒకటి బిగించుకునే ఆవిడ కాపురానికి వచ్చిందని ఆయన గట్టి నమ్మకం. తను ఎంత ఊపు మీద ఎటు బయల్దేరినా ఎక్కడో ఒకచోట బండి ఉన్నట్టుండి ఆగిపోయేది. ఆవిడ మాత్రం కిటికీలోంచి ఎటో చూస్తూ ఉండేది.

ఒకరోజు పొద్దున్న బావమరిది జోడు చేతిలో పెట్టి, అది ముక్కు మీదికి చేరేదాకా ఆగి, టీ అందించి అన్నాడు.

"బావా, బేకరీ వెనక గది ఖాళీగా ఉంది. నేను అందులో ఉంటాను. ఒక్కణ్ణే."

కళ్ళజోళ్ళాయనకి టీ పొలమారింది.

ఇదంతా ఆ ఆదివారం సంఘం చేసిన పనేనని ఆయనకి వెంటనే తెలిసిపోయింది. బావమరిదిలాంటి వాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. మా సంగతి మా ముందే మాట్లాడండి, మా మాట మేమే చెప్పుకుంటాం అనేది వాళ్ళ నియమం. వాళ్ళకి తోడుగా ఒక అమ్మాయి పనిచేస్తుంది. ఎవరైనా సొంతంగా ఉంటామంటే ఇల్లు చూసుకోవడంలో, అలవాటు పడడంలో అడిగినంత మేరకు సాయం చేస్తుంది. ఆ సంఘంలో ప్రతివాళ్ళ జేబులోనూ మూడు అట్టముక్కలు ఉంటాయి. ఎర్ర అట్ట ఎత్తితే ఆపమని. పసుపు ఎత్తితే అర్థం కాలేదు, నిదానంగా చెప్పమని. ఆకుపచ్చ ఎత్తితే సరే, కానివ్వమని. కళ్ళజోళ్ళాయన వీటిని మొదట చూసినప్పుడు అక్క ఉద్యోగం తమ్ముడికి తగులుకుందని ఎగతాళి చేశాడు. ఇప్పుడు అవి తన మీదికే లేస్తున్నాయి.

"ఒక్కడివే ఎలా ఉంటావురా? గ్యాసు ఉంటుంది, తాళాలుంటాయి, దొంగలుంటారు, జ్వరాలుంటాయి, పొద్దున్నే లేవాలి..."

పసుపు అట్ట లేచింది.

"ఒక్కొక్కటే చెప్పు బావా. దొంగలతో మొదలుపెడతావా, జ్వరాలతోనా?"

వచ్చే ఆదివారం ఇంట్లోనే మీటింగు. సంఘం అమ్మాయి వస్తుంది, బేకరీ ఆవిడ వస్తుంది. బావమరిది గదిలో ఎలా ఉంటాడో, ఎవరి సాయం కావాలో ఆరోజు తేలాలి. ఆ గది కోసం ఇంకెవరో కూడా తిరుగుతున్నారు కాబట్టి ఆదివారం దాటితే ఆపలేనని బేకరీ ఆవిడ చెప్పేసింది. అంటే ఆదివారం ఏదో ఒక అడ్డుపుల్ల పడితే చాలు, గది పోతుంది, బావమరిది ఇంట్లోనే ఉంటాడు, పొద్దున్నే చేతిలో జోడు పడుతుంది. కళ్ళజోళ్ళాయన బుర్ర పాదరసంలా పనిచేయడం మొదలుపెట్టింది. ఆయన ఎత్తులన్నీ అలాగే మొదలయ్యేవి. ముగిసే తీరు వేరు.

సాయంత్రం భార్య కారు తుడుచుకుంటుంటే పక్కన చేరాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, అన్నాడు. మేడ మీద గదిలో వంటకి గట్టు ఉంది, స్నానాలకి చోటు ఉంది, విడిగా మెట్లున్నాయి. బుజ్జిగాణ్ణి ఈ వారం అక్కడ ఒక్కణ్ణే ఉండి చూపించమందాం. నెగ్గితే బేకరీ గదికి తనే సామాను మోస్తాడు. నెగ్గకపోతే ఇక ఆ ఊసు ఎత్తకూడదు.

ఆవిడ వెంటనే సరేనంది.

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆవిడ దేనికైనా వెంటనే సరేనందంటే ముందు గొయ్యి ఉందని ఆయనకి తెలియాలి. తెలియలేదు. పైగా ఆవిడ ఈ వారం పక్కఊళ్ళో కొత్తగా తెరిచిన డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్తోందని, ఆదివారం గానీ రాదని విని ఆయన లోలోపల గంతులేశాడు.

"ఒక్క షరతు," అంది ఆవిడ. "పరీక్ష పరీక్షలాగే ఉండాలి. మేడ మీద వాడు ఒక్కడే, కింద మీరు ఒక్కరే. అడగనిదే ఒకరికొకరు సాయం చెయ్యకూడదు. అడిగితే మాత్రం కాదనకూడదు."

"నాకేం సాయం కావాలోయ్?" అని నవ్వాడు కళ్ళజోళ్ళాయన. ఆయన దారి తప్పి ఒక పెళ్ళికి మర్నాడు చేరినవాడే గానీ, దారిన పోయేవాణ్ణి ఆపి దారి అడిగినవాడు కాదు. చివరికి వాళ్ళు పెళ్ళి పందిరి విప్పుతుంటే అక్కడే నిలబడి ఇదే సరైన ఇల్లని భార్యకి చూపించాడు.

సోమవారం సాయంత్రం బావమరిది తన బట్టలు, గిన్నెలు, అలారం గడియారం మేడ మీదికి చేర్చుకున్నాడు. అతను నీళ్ళు పట్టుకోవడానికి కిందికి దిగగానే కళ్ళజోళ్ళాయన పైకెక్కి, గడియారంలో బ్యాటరీ తీసి జేబులో వేసుకున్నాడు. లాండ్రీకి వేళ మించి వెళ్తే మేనేజరు నాలుగు చివాట్లు పెడతాడు, ఆదివారం ఆ సంగతి మీటింగులో పెట్టొచ్చు. ఇంత చిన్న బ్యాటరీతో ఇంత పెద్ద పని అయిపోతున్నందుకు ఆయనకి తన మీద తనకే ముద్దొచ్చింది.

కాసేపటికి బావమరిది మెట్లు దిగి వచ్చాడు.

"బావా, గడియారం ఆగిపోయింది. సాయం అడుగుతున్నాను. నీ దగ్గర బ్యాటరీ ఉందా?"

లేదన్నాడు కళ్ళజోళ్ళాయన, జేబు మీద చెయ్యి వేసుకుని. మొదటిరోజే సాయం అడిగావు, ఓడిపోయావు పో, అని కూడా అన్నాడు. అతను తల అడ్డంగా ఊపాడు.

"అడిగితే ఓడిపోవడం కాదు బావా. అడగడం నాకు వచ్చు," అని చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళాడు.

బేకరీలో కోళ్ళు లేవకముందే పొయ్యి వెలిగిస్తారు. పొద్దున్నే ఒక ఫోను కొట్టమని బావమరిది ఆవిణ్ణి అడిగాడు. ఆవిడ కొట్టింది. మంగళవారం అతను లేచి, టీ కాచుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని లాండ్రీకి వెళ్ళిపోయాడు. ఎవరూ లేపక, చాపిన చేతిలో ఏదీ పడక, కింద మంచం మీద కళ్ళజోళ్ళాయన మళ్ళీ అటు తిరిగి పడుకున్నాడు. దుకాణం ముందు ముగ్గురు ఖాతాదారులు నిలబడి ఈయనకి ఏమైందోనని ఫోను చేస్తే అప్పుడు లేచాడు.

లేచి జోడు వెతికాడు. మంచం కింద, దిండు కింద, టీవీ మీద, కుళాయి మీద అంతా తడిమాడు. నెత్తి మీద కూడా తడుముకున్నాడు. పూర్వం ఒకసారి అక్కడ దొరికింది. ఈసారి దొరకలేదు. ఆయన చూపుకి అద్దం చెక్కించాలంటే వచ్చే సోమవారం దాకా ఆగాలి. చివరికి తడుముకుంటూ దుకాణానికి పోయి, బాగుచేయించుకోవడానికి ఎవరో ఇచ్చిన జోడు ఒకటి తగిలించుకున్నాడు. అది ఒక బళ్ళో చదివే పిల్లది. గులాబీ రంగు ఫ్రేము, చెవులకి తగిలించే కొమ్మల మీద సీతాకోకచిలుకలు. దాంట్లోంచి దగ్గరివి దూరంగా, దూరపువి ఇంకా దూరంగా కనపడుతున్నాయి. పర్వాలేదు, వారం ఎంతలో గడుస్తుందిలే అనుకున్నాడు.

ఆ సాయంత్రం అన్నం పొయ్యి మీద పెట్టాడు. బియ్యానికి నీళ్ళు ఎన్ని పోయాలో ఆయనకి తెలియదు. తెలియని సంగతి ఆయనకే తెలియదు కాబట్టి ధైర్యంగానే పోశాడు. అది ఉడికేలోగా కాస్త నడుం వాల్చాడు. నిద్రలో ఎక్కడో ఏదో కాలుతున్న వాసన వేసి, పక్కవాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళకి బొత్తిగా శ్రద్ధ లేదనుకున్నాడు.

తలుపు మీద టక్‌టక్‌మని చప్పుడయింది. తీస్తే గుమ్మంలో బావమరిది, లోపల పొగ.

"బావా, సాయం కావాలా?"

"అక్కర్లేదు," అని దగ్గాడు కళ్ళజోళ్ళాయన.

"పొగ వస్తోంది."

"నేనే పెట్టాను. దోమలకి."

"సరే," అని బావమరిది మెట్ల మీద కూర్చున్నాడు. అతను మాటంటే మాటే. అడగనిదే చెయ్యకూడదు. అలాగని వదిలేసి పోయే మనిషీ కాదు. బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి పక్కన పెట్టుకుని, బావ అడిగే ఘడియ కోసం కాచుకు కూర్చున్నాడు. లోపల కళ్ళజోళ్ళాయన గులాబీ జోడుతో పొయ్యి ఎక్కడుందో అంచనా కట్టలేక రెండుసార్లు గాలిలో మీట తిప్పాడు, మూడోసారి ఎలాగో ఆర్పాడు. గిన్నె అడుగున బొగ్గు, పైన బియ్యం. మధ్యలో ఒక వరస అన్నం కూడా ఉంది. దాన్ని గరిటెతో జాగ్రత్తగా తవ్వుకుని తిన్నాడు. మేడ మీదినుంచి కమ్మటి తాలింపు వాసన వచ్చింది. అడిగితే పెట్టేవాడే. అడగలేదు.

బుధవారం ఇంటి తాళాలు దుకాణంలో, దుకాణం తాళాలు ఇంట్లో పెట్టి రెంటికీ బయటే నిలబడ్డాడు. ఒకదానికొకటి కుదవ పెట్టుకున్నట్టు, ఏ తలుపు తియ్యాలన్నా చెవి రెండో తలుపు వెనక ఉంది. చివరికి దుకాణం వెనక కిటికీలోంచి దూరాడు, చొక్కా చిరిగింది. గురువారం మాత్ర వేసుకున్నాడో లేదో గుర్తు రాక, వేసుకుంటే ఎక్కువవుతుందేమో, వేసుకోకపోతే తక్కువవుతుందేమో అని ఆ ఆలోచనతోనే రక్తపోటు పెంచుకున్నాడు. రోజూ సాయంత్రం తలుపు మీద టక్‌టక్‌మని అదే చప్పుడు, అదే ప్రశ్న, అదే జవాబు. శుక్రవారానికి ఆయన జవాబు గొంతులో కాస్త తడి తగిలింది గానీ, బావమరిది దాన్ని సాయం అడగడం కింద లెక్కవేయలేదు.

ఇటు మేడ మీద చూస్తే అంతా సవ్యంగా సాగిపోతోంది. బావమరిది ఒకరోజు పప్పులో ఉప్పు మరిచాడు, మర్నాడు వేసుకున్నాడు. ఒకరోజు కుళాయి కట్టకుండా పడుకుని గది తడిపాడు, తనే తుడుచుకున్నాడు. ఆ తడి మాట మీటింగులో చెప్పడానికి కళ్ళజోళ్ళాయన గుర్తుపెట్టుకున్నాడు గానీ, దానితో గది పోయేంత పని జరగదని ఆయనకే తోచింది. అందుకని శనివారం పెద్ద ఎత్తు వేశాడు. తిన్నగా బేకరీకే వెళ్ళాడు.

గులాబీ జోడులోంచి బల్ల వెనక నిలువుగా ఒక తెల్లటి ఆకారం కనిపించింది. బేకరీ ఆవిడే. ఆయన గొంతు తగ్గించి, బల్ల మీదికి వంగి, మీ మంచి కోరి చెబుతున్నానని మొదలుపెట్టాడు. ఆ గది తీసుకుంటానన్న మనిషి సంగతి మీకు తెలియదు. పొద్దున్నే లేవడు. పొయ్యి మీద గిన్నె పెట్టి నిద్రపోతాడు, ఇల్లంతా పొగ. తాళాలు ఎక్కడివక్కడ పారేసి కిటికీల్లోంచి దూరతాడు. మాత్రలు వేసుకున్నదీ లేనిదీ తెలియదు. ఒక వారంలోనే ఇన్ని. అలాంటి మనిషిని ఒంటరిగా ఎలా వదులుతామండీ?

గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. ఈయనకి తన నలుపు బాగానే తెలుసు. కానీ చెప్పడానికి బావమరిది దగ్గర తప్పులు కావలసినన్ని దొరకలేదు, తన దగ్గర నిలవ ఉన్నాయి, సర్దుకున్నాడు.

ఆ తెల్లటి ఆకారం అంతా శ్రద్ధగా విని, "అయ్యో పాపం. ఆయనకి సాయం చేసేవాళ్ళెవరూ లేరా?" అని మాత్రం అడిగింది. గొంతు కాస్త చిన్నపిల్లదిలా ఉందనిపించింది. జలుబు చేసిందేమో అనుకుని ఈలవేసుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆదివారం మీటింగు పదింటికి. మీసాలకి నూనె రాసుకుని మరీ పెద్దమనిషిలా కూర్చోవాలని కళ్ళజోళ్ళాయన తొందరగానే లేచాడు, అంటే తొమ్మిదిన్నరకి. నడుముకి తువ్వాలు చుట్టుకుని, గడ్డానికి సబ్బునురగ పట్టించాడు. అద్దంలో తన ముఖం ఎక్కడుందో సరిగా తెలియక, వెలుతురులో గీసుకుందామని అరచేతి అద్దం పట్టుకుని వరండాలోకి వచ్చాడు. వెనకనుంచి గాలి వచ్చింది. తలుపు పడింది. లాగితే దానంతటదే తాళం పడే తలుపు అది.

తాళం చెవి లోపల. లుంగీ లోపల. ఫోను లోపల. బయట ఉన్నది తువ్వాలు, నురగ, గులాబీ జోడు. ఒంటి మీద తువ్వాలుతో కిటికీలోంచి దూరే సాహసం ఆయనకి కూడా లేకపోయింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఇస్త్రీ చొక్కా, నున్నటి గడ్డంతో బావమరిది దిగి వచ్చి, బావని పైనుంచి కిందిదాకా చూశాడు.

"బావా, సాయం కావాలా?"

"అక్కర్లేదు. గాలి కోసం నిలబడ్డాను."

సరేనని బావమరిది మెట్టు మీద కూర్చున్నాడు. ఇంతలో వీధిలో ఎర్రటి అక్షరాల బోర్డు పెట్టుకున్న కారు ఆగింది. భార్య దిగింది. వెనకసీట్లోంచి బేకరీ ఆవిడ దిగింది. ఆవిడ వెనక తెల్లచొక్కా వేసుకుని సంఘం అమ్మాయి దిగింది. ముగ్గురూ వరండా ముందుకు వచ్చి వరసగా నిలబడ్డారు. నురగ ఒక చెంప మీదినుంచి జారి గులాబీ జోడు కొమ్మ దగ్గర, సీతాకోకచిలుక మీద, ఆగింది.

"ఏవండీ, మీటింగు బయటా, లోపలా?" అంది భార్య.

ఆయన తలుపు వైపు చూశాడు, తువ్వాలు ముడి బిగించుకున్నాడు, మళ్ళీ తలుపు వైపు చూశాడు. తలుపు ఏమీ సాయం చేసేలా లేదు.

"బుజ్జీ..." అన్నాడు.

బావమరిది పసుపు అట్ట ఎత్తాడు. "అర్థం కాలేదు బావా. నిదానంగా చెప్పు."

కళ్ళజోళ్ళాయన గొంతు సవరించుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా దారి అడగని గొంతు, అది సవరిస్తే అంత తొందరగా సర్దుకోలేదు.

"తలుపు పడిపోయింది. సాయం కావాలి."

ఆకుపచ్చ అట్ట లేచింది. బావమరిది బేకరీ ఆవిడ వైపు తిరిగి చెయ్యి చాపాడు, ఆవిడ సంచిలోంచి తాళం చెవి తీసి ఇచ్చింది. తాళం పోయినా భయం లేకుండా ఇంకో చెవి నమ్మకమైన వాళ్ళ దగ్గర ఉంచాలని సంఘంలో చెప్పారట. మేడ గది చెవి ఇచ్చేటప్పుడు, బావ సంగతి తెలుసు కాబట్టి, అక్కని అడిగి కింది ఇంటి చెవి కూడా బేకరీ ఆవిడ దగ్గర ఇచ్చి ఉంచాడు. తలుపు తెరుచుకుంది. బావమరిది తిన్నగా వంటింట్లోకి పోయి, ఫ్రిజ్ తీసి, కూరగాయల అర వెనకనుంచి ఒక కళ్ళజోడు తెచ్చి బావ చేతిలో పెట్టాడు. చల్లగా ఉంది.

"ఇది... ఎప్పట్నించి ఉందిరా అక్కడ?"

"సోమవారం రాత్రి నీళ్ళు తాగడానికి వచ్చి నువ్వే పెట్టావు. నా కూరగాయలు తీసుకోవడానికి వచ్చినప్పుడు చూశాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

సొంత జోడు పెట్టుకోగానే కళ్ళజోళ్ళాయనకి లోకమంతా స్పష్టంగా కనపడింది. మొదట కనపడింది సంఘం అమ్మాయి తెల్లచొక్కా. ఆ ఆకారం ఎక్కడో చూసినట్టుందనిపించింది. ఎక్కడో గుర్తొచ్చాక మళ్ళీ గులాబీ జోడే పెట్టుకుందామా అనిపించింది.

ఆయన గడ్డం కడుక్కుని, చొక్కా వేసుకుని వచ్చేసరికి మీటింగు మొదలైంది. అమ్మాయి బావమరిదిని "సార్" అంటోంది. కళ్ళజోళ్ళాయన్ని "బావగారు" అంటోంది, సార్ గారికి బావ కాబట్టి. సొంత ఇంట్లో తన హోదా బావమరిది తరఫు చుట్టం స్థాయికి దిగిపోయిందని గ్రహించి ఆయన కుర్చీ చివర కూర్చున్నాడు. అమ్మాయి, శనివారం గది చూడ్డానికి వెళ్ళినప్పుడు బేకరీలో ఒకాయన కలిశారని మొదలుపెట్టింది. లేవలేని, పొయ్యి ఆర్పలేని, తాళాలు, మాత్రలు మరిచే ఒక మనిషి గురించి చాలా బాధపడుతూ చెప్పారట. గది తీసుకునే మనిషే అన్నారు గానీ, సార్ అలాంటివారు కారు కాబట్టి అది ఎవరి గురించో ఆమెకి అప్పుడు అర్థం కాలేదట. ఇంతకుముందే వరండాలో అర్థమైందట.

బేకరీ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భార్య కిటికీలోంచి ఎటో చూసింది.

తర్వాత బావమరిది లేచి నిలబడ్డాడు. సంఘంలో నేర్చుకున్నట్టు ముందు తనకి వచ్చినవి చెప్పాడు. లేవడం, వండడం, బస్సు ఎక్కడం, పని. తర్వాత రానివి చెప్పాడు. గ్యాసు సిలిండరు మార్చడం రాదు. డాక్టరు గబగబా చెబితే అర్థం కాదు, పక్కన ఒకరు ఉండి నిదానంగా చెప్పాలి. ఎవరైనా తలుపు కొట్టి కాగితం మీద సంతకం పెట్టమంటే, పెట్టే ముందు ఎవరినైనా అడగాలి. వీటికి ఆ అమ్మాయి సాయం కావాలి. మిగతా వాటికి అక్కర్లేదు, కావలసినప్పుడు అడుగుతాడు.

"భయం కూడా వేస్తుంది. మొదటిరోజు మేడ మీద వేసింది," అన్నాడు. "వేసినా పొద్దున్నే లేచాను. ఆ గది నాకు కావాలి. నాకు తాళం చెవి ఉండే ఇల్లు ఇప్పటిదాకా లేదు. ఇంకొక మాట. నాకు ముప్పై నాలుగేళ్ళు. నన్ను బుజ్జి అనొద్దు. అక్క ఒక్కతే అనొచ్చు."

అక్క కళ్ళు తుడుచుకుంది.

"మరి నేనేమనాలిరా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"రా కూడా తీసెయ్ బావా."

కళ్ళజోళ్ళాయన తనకి మాట్లాడే వంతు కావాలని చెయ్యి ఎత్తాడు. బావమరిది కాసేపు ఆలోచించి ఆకుపచ్చ అట్ట చూపించాడు. గది తడిసిన సంగతి నాలుక చివరదాకా వచ్చింది. తీరా నోరు తెరిచేసరికి అది కాదు వచ్చింది.

"పొద్దున్న జోడు పెట్టుకోగానే నాకు మొదట కనపడేది వీడి... ఇతని ముఖం," అన్నాడు. "పన్నెండేళ్ళ నుంచీ అంతే. ఈ వారం ఏం కనపడలేదు. జోడు లేక కాదు. ఇల్లు బోసిపోయింది. అందుకే అడ్డం పడ్డాను. గడియారంలో బ్యాటరీ కూడా నేనే తీశాను."

"తెలుసు బావా. నీ జేబులోంచి పడితే ఉతికే బట్టల్లో దొరికింది," అన్నాడు బావమరిది. "ఇదంతా మొదటే చెప్పొచ్చుగా. అడగందే అమ్మయినా అన్నం పెట్టదు."

నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చున్నప్పుడు స్టీరింగు పట్టుకోకూడదని, కాలు బ్రేకు దగ్గర పెట్టుకుని నోరు మూసుకు కూర్చోవాలని, ఈయనకి ఆ రెండూ చేతకావని భార్య అంది. ఆయన ఇలాంటి పరీక్షేదో పెడతాడని ఆవిడ ముందే ఊహించిందట. బావ పరీక్ష పెడతానంటే సరేనను అని తమ్ముడికి చెప్పి కూడా ఉంచిందట. పరీక్ష ఎవరికన్నది మాత్రం ఎవరూ తేల్చి చెప్పలేదు.

బేకరీ ఆవిడ గది ఖాయం చేసింది. ఇంకేమైనా ఉందా సార్ అని అమ్మాయి అడిగింది. ఉందన్నాడు బావమరిది.

"మా బావకి సాయం కావాలి. ఒంటరిగా వదల్లేం. మంగళవారం, శుక్రవారం నేను వచ్చి నేర్పుతాను. జోడు ఒకేచోట పెట్టడం, బియ్యానికి నీళ్ళు, మాత్రలు. నేర్చుకుంటాడు. కాస్త ఆలస్యంగా నేర్చుకుంటాడు, అంతే. తొందర పెట్టకూడదు."

బావమరిది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు అని ఊరికే అనలేదు. కళ్ళజోళ్ళాయనకి సిగ్గూ, సంతోషమూ ఒకేసారి వచ్చి, దేన్ని ముందు దాచుకోవాలో తెలియక జోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచి పక్కన పెట్టబోయి, అందరూ తననే చూస్తుంటే మళ్ళీ ముక్కు మీదే పెట్టుకున్నాడు. మాట ఇచ్చిన ప్రకారం సామాను తనే మోశాడు.

కొత్త గదిలో మొదటి పొద్దు. ఆరోజు మంగళవారమూ కాదు, శుక్రవారమూ కాదు. కళ్ళజోళ్ళాయన తనంతట తనే లేచి, జోడు తనే వెతుక్కుని, మెల్లగా తలుపు లాగి, జేబులో తాళం చెవి తడుముకుని, బేకరీ వెనక సందులోకి వెళ్ళాడు. ఊరికే నడకకి వెళ్తున్నానని భార్యకి చెబుదామనుకున్నాడు గానీ ఆవిడ ఇంట్లో కనపడలేదు, అదే మంచిదనుకున్నాడు. తలుపు తోయబోయి, ఆగి, కొట్టాడు.

తలుపు కిందినుంచి పసుపు అట్ట బయటికి వచ్చింది.

"నేనే. గ్యాసు బాగానే కట్టావో లేదో చూసిపోదామని," అన్నాడు.

ఎర్ర అట్ట వచ్చింది.

ఆయన సందులో అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించి, తలుపుకి దగ్గరగా వంగాడు.

"బావమరిదిగారూ, నాకు ఒక్కడికీ టీ తాగబుద్ధి కావడం లేదండీ. ఒక కప్పు కావాలి."

ఆకుపచ్చ అట్ట వచ్చింది, దాని వెనకే తలుపు తెరుచుకుంది. లోపల చిన్న బల్ల ముందు ఆయన భార్య కూర్చుని సగం కప్పు టీ తాగేసి ఉంది.

"నిన్న సాయంత్రమే అడిగి ఒప్పించుకున్నానండీ," అని ఆవిడ కాస్త పక్కకి జరిగింది.